పట్ట మీద నిలబెట్టిన నిచ్చెన

ఆ ఒక్క మధ్యాహ్నం మాకు పోయినవన్నీ లెక్క వేస్తే ఇంత. మంచినీళ్ల బిందె ఒకటి, పగిలింది. మూడు గిన్నెల క్యారియర్‌లో అడుగు గిన్నె సొట్టపడి మళ్లీ మూత పట్టలేదు. అందులోని ఊరుబిండి పచ్చడి, ఐదుగురికి సరిపోయేది, ఎర్రమన్నులో కలిసింది. పదకొండు మెట్ల వెదురు నిచ్చెనకు రెండు మెట్లు విరిగాయి. సగం దులిపిన చింతచెట్టు మీద మిగిలిపోయిన కాపు, నా అంచనాలో క్వింటాలున్నర. మా బావ కింది వరుసలో ఒక పన్ను. ఆయన కుడికాలి మడమ. కొత్త బెల్టు ఒకటి. దానికి గీత కూడా పడలేదు, అయినా పోయినవాటిలోనే వేస్తాను, ఎందుకంటే ఆ రోజు తర్వాత మా ఊళ్లో నేను తప్ప దాన్ని తాకినవాళ్లు లేరు. మేమిద్దరం జతగా చేసిన పన్నెండేళ్ల పని. ఆ తర్వాత బావ నాతో సరిగా మాట్లాడని రెండు చింతపండు కాలాలు.

బిందె మళ్లీ కొన్నాం. నిచ్చెనకు కొత్త మెట్లు బిగించాం. మిగిలినవాటికి అంగట్లో బదులు దొరకలేదు.

మాది నల్లమాడ పక్క ఊరు. వానలు మొండిచేయి చూపించి శెనక్కాయ చేలోనే ఎండిపోయిన ఏడు కూడా చింతచెట్టు తన కాపు తాను కాస్తుంది. అందుకే శివరాత్రి దాటగానే మేం చెట్లు గుత్తకు పట్టేవాళ్లం. గుత్త అంటే కాయ చెట్టు మీద ఉండగానే మొత్తం కాపును మాట్లాడుకోవడం. కాబట్టి చెట్టు కింద నిలబడి పైన ఎంత ఉందో చెప్పగలిగినవాడు కావాలి. ఆ పని నాది. నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఒక రెమ్మ కాయలు లెక్కపెట్టడం, అట్లాంటి రెమ్మలు కొమ్మకు ఎన్ని ఉన్నాయో చూడడం, ఎండ తగిలే వైపును, తగలని వైపును వేరుగా వెయ్యడం, ఇట్లా నా అంతట నేనే ఒక దారి వేసుకున్నాను. తూకం వేశాక పది ఇరవై కేజీలకు మించి తేడా వచ్చేది కాదు.

మా బావకు లెక్కలు అక్కర్లేదు. ఆయన మా అక్కను చేసుకున్నాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. చెట్టు ఎక్కడంలో ఆ చుట్టుపక్కల ఆయనంతటివాడు లేడు. సన్నకొమ్మ మీద నిలబడి, ఒక చేత్తో పైకొమ్మ పట్టుకుని, ఇంకో చేత్తో దోటి ఆడించేవాడు. నేనూ ఎక్కేవాణ్ణే, కానీ పెట్టిన ప్రతి కాలునూ రెండుసార్లు నొక్కి చూసుకుంటూ. "మా బామ్మర్ది ఎక్కేలోగా చెట్టు ఇంగో కాపు కాస్తాది" అని ఆయన నవ్వేవాడు.

పని పద్ధతి ఇది. మొదట చెట్టు కింద టార్పాలిన్ పట్ట పరుస్తాం. మొదలు చుట్టూ సందు లేకుండా, వేళ్ల మీదుగా కూడా. మా ఎర్రమన్ను అంటిన పండును వ్యాపారులు పక్కకు తోస్తారు. పట్ట పరిచాకే దాని మీద నిచ్చెన నిలబెడతాం. ముందు నిచ్చెన పెట్టి తర్వాత పరిస్తే దాని కాళ్ల దగ్గర పట్ట ముడతలు పడి, ఆ సందుల్లో కాయ మన్నులోకి పోతుంది. నిచ్చెన పైకొస మొదటి పంగలో ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి పైకి చేతులూ కాళ్లే. ఒకడు ఎక్కుతుంటే రెండోవాడు నిచ్చెన అడుగు మెట్టు తొక్కి నిలబడాలి. తర్వాతి చెట్టుకు తొక్కినవాడు ఎక్కాలి, ఎక్కినవాడు తొక్కాలి. దీన్ని ముయ్యి అంటాం, అంటే పనికి పని బదులు. ఎక్కుడు ముయ్యిని ఎక్కుడుతోనే తీర్చాలి. దుడ్లిచ్చి తీర్చకూడదు, చేలో కూలి చేసి తీర్చకూడదు. పైకి పోయిన ప్రాణానికి పైకి పోయే ప్రాణమే బదులని మా నాయన అనేవాడు.

ఆ మధ్యాహ్నం జరిగిన ఏడు నా మోకాలు వాచింది. వంచితే లోపల రాయి కదిలినట్టు ఉండేది. నా వంతు చెట్లు కూడా బావే ఎక్కాడు. "రాసి పెట్టుకో అప్పా, వచ్చే ఏడు వరసగా నువ్వే ఎక్కల్ల. నేను కింద బీడీ తాగుతా" అన్నాడు. రాసి పెట్టుకోవాల్సిన అవసరం నాకు ఎప్పుడూ లేదు. నా వంతువి ఎనిమిది చెట్లు అట్లా అయ్యాయి.

తొమ్మిదో చెట్టుకు ముందురోజు అక్క అల్లుడు ఊరికి వచ్చాడు. అతను ఉరవకొండ వైపు గాలిమరల దగ్గర పని చేస్తాడు. ఆ ఎత్తైన స్తంభాల లోపల నిచ్చెన ఎక్కి పైన ఉన్న యంత్రానికి నూనె పెట్టి, బోల్టులు బిగించి వస్తాడు. మామ కోసం కొత్త బెల్టు కొని తెచ్చాడు. భుజాలకు, నడుముకు, తొడలకు పట్టీలు. వాటికి రెండు తాళ్లు, తాడుకొక కొక్కెం. అరుగు మీద పరిచి చూపించాడు.

"తలకు పైనుండే కొమ్మకే తగిలియ్యాల మామా. కాళ్లకాడ తగిలిస్తే, పడినప్పుడు రెండింతలు పడతావు. రెండు కొక్కేలు ఎందుకంటే, ఒకటి తీసి ముందుకు ఏసేటప్పుడు ఇంగోటి పట్టుకోనుండాల. ఏ పొద్దూ రెండూ ఒకేసారి తీయగూడదు."

బావ ఆ పట్టీలను బొటనవేలితో కదిలించాడు. "ఏందప్పా ఇది? ఎద్దుకు కట్టే పగ్గాల మాదిరి ఉండాది."

"ప్రాణానికి మంచిది మామా."

"నలభై ఏండ్లుగా ఎక్కుతాండా. చెట్టు నన్ను మోస్తాది. మోసే తల్లిని ఎవురన్నా కట్టేస్తారా?"

"చెట్టును కట్టేసేది యాడుండాది? కట్టేది నిన్నే గదా."

"అది ఇంగా మర్యాద! మూటలు దించే తాడు నాకు కట్టాల్నా?"

లోపల జొన్నపిండి కలుపుతున్న అక్క చేతులు దులుపుకుంటూ వచ్చింది. "మూట పడితే చింతపండు పోతాది. నువ్వు పడితే నేనెవురితో కొట్లాడేది? రేపు ఇది కట్టుకోకపోతే నాకు సద్ది కట్టే పని లేదు, పో."

బావ నన్ను చూశాడు. "నువ్వేమంటావు, లెక్కల సారూ?"

నేను తాడు పొడవు జానలతో కొలిచాను. మనిషి ఎత్తు, తాడు, సాగేది అన్నీ కలిపి, ఎంత ఎత్తులో ఉంటే నేల తగలకుండా ఆగుతాడో చెప్పాను. మూడో కొమ్మ దాటాక బెల్టు పనికొస్తుంది, దానికి కింద పనికిరాదు అన్నాను. అల్లుడు ఆశ్చర్యంగా చూసి, అవును, మాకూ అట్లే చెప్పినారు అన్నాడు. నిచ్చెన గురించి మాత్రం అతను ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. గాలిమర నిచ్చెన ఇనుప గోడకు బోల్టులతో బిగించి ఉంటుంది. దానికి నేల మీద ఆనే కాళ్లు లేవు. కాళ్లు లేని నిచ్చెన ఎక్కేవాడికి జారడం అనే మాట ఎట్లా తోస్తుంది?

మర్నాడు బావ బెల్టు కట్టుకుని ఎక్కాడు. కింద అక్క, కాయ ఏరడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, అడుగు మెట్టు మీద నేను. మొదట కొక్కెం తీయడం, వెయ్యడం ఆయనకు చేతకాక తిట్టుకున్నాడు. కాసేపటికి అలవాటు పడ్డాడు. పడమటి సగం అంతా దులిపాడు. పట్ట మీద కాయ రాలే చప్పుడు పెనం మీద మొక్కజొన్న పేలినట్టుంది.

తూర్పు వైపు తిరుగుతుండగా ఆయన కాలి కింద కొమ్మ పుటుక్కుమంది. ఎండుకొమ్మ కాదు, లోపల పురుగు తిన్నది. మా అందరి నోళ్లూ తెరుచుకునే ఉన్నాయి, ఆయన మాత్రం కింద పడలేదు. తలపైన తగిలించిన కొక్కెం పట్టింది. తాడు బిగిసి, ఆయన నడుము దగ్గర వంగి, చేతులూ కాళ్లూ కిందికి వేలాడేసుకుని గాలిలో మెల్లగా ఒక చుట్టు తిరిగాడు.

భయం తీరగానే ఏరేవాళ్లలో ఒకామెకు నవ్వు వచ్చింది. "మూట దించేస్తాండారు, పట్టుకోండి!" అంది. రెండో ఆమె పడీపడీ నవ్వింది. అక్క కూడా నవ్వింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. ఆ నవ్వు ఎట్లాంటిదో కింద ఉన్నవాళ్లకు తెలుసు. పైన వేలాడుతున్నవాడికి వేరుగా వినబడింది.

బావ ఎట్లాగో పక్కకొమ్మ అందుకుని నిలదొక్కుకున్నాడు. తూర్పు సగం వదిలేసి దిగడం మొదలుపెట్టాడు. "మెల్లగా బావా" అన్నాను. పంగ దగ్గరికి వచ్చి, రెండు కొక్కేలూ తీసి నడుముకు తగిలించుకున్నాడు. నిచ్చెన మీదికి రావాలంటే తీయక తప్పదు. నేను అడుగు మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, రెండు పక్కలా వెదురు పట్టుకుని ఉన్నాను. ఆయన కోపంగా, దడదడా దిగుతున్నాడు.

ఆయన ఆరో మెట్టు మీద ఉండగా నా కాళ్ల కింద నేల కదిలింది. నేల అనుకున్నాను. కదిలింది పట్ట. కింద ఎర్రమన్ను దుమ్ము, పైన రాలిన కాయల పెంకులు, మధ్యలో నున్నటి ప్లాస్టిక్కు. నిచ్చెన కాళ్లు నాతో సహా వెనక్కి జారాయి, పైకొస పంగలోంచి ఊడింది. నేను బిందె మీద పడ్డాను. బావ నిటారుగా, కాళ్ల మీద పడ్డాడు. పట్ట కింద ఒక వేరు పైకి లేచి ఉంది. సరిగ్గా దాని మీద కుడి మడమ. అక్కడి నుంచి ముందుకు తూలి, క్యారియర్‌ మీద నోరు కొట్టుకున్నాడు.

పై కొమ్మల్లో ప్రాణం నిలిచింది. మనిషి నిలువంత ఎత్తులో కాలు పోయింది.

ఆటోలో కదిరి ఆసుపత్రికి తీసుకుపోయాం. మడమ ఎముక ఒకటిగా విరగలేదు, నలిగిందన్నారు. నడుస్తాడు గానీ ఎక్కలేడు, బరువు ఆనించలేడు అన్నారు. ఆ మాట అన్నప్పుడు బావ గోడ వైపు తిరిగి ఉన్నాడు.

ఇంటికి తెచ్చాక ఊరంతా వచ్చి చూసింది. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, బెల్టే పడేసిందని. టీ అంగడి దగ్గర నేను వాదించబోయాను. పట్ట జారింది, బెల్టు ఆయన్ను కాపాడింది, ఈ రెండూ వేరు అన్నాను. ఒక పెద్దాయన గ్లాసు దించి, "నలభై ఏండ్లు పడనోడు బెల్టు కట్టిన పొద్దే పడినాడు. నువ్వే లెక్కల మనిషివి గదప్పా, ఇంగేం లెక్క కావాల?" అన్నాడు. అందరూ నవ్వారు. నలభై ఏళ్లకు సున్నా, ఒక్క రోజుకు ఒకటి. ఆ లెక్క ముందు నా లెక్క నిలబడలేదు. పక్క ఊరి నుంచి బెల్టు చూసిపోదామని వస్తానన్న ఒకతను రానేలేదు.

నేను మళ్లీ చెట్టు దగ్గరికి పోయి పట్టను పరిశీలించాను. నిచ్చెన కాళ్లు ఈడ్చిన గీతలు రెండు, మూరెడు పొడవున, పక్కపక్కనే స్పష్టంగా ఉన్నాయి. ఆ పట్టను మడిచి బావ మంచం దగ్గరికి తెచ్చి పరిచాను.

"కొక్కెం మెట్టుకు తగులుకున్న్యాది. నేను కాలు తీసేలోగా లాగినాది" అన్నాడు ఆయన.

"లేదు బావా. కొక్కేలు రెండూ నడుముకే ఉన్న్యాయి. గీతలు సూడు. ఈడ మొదలైనాయి, ఈడికి వచ్చినాయి. మూరెడు జారినాది."

"గీతలు నువ్వు సూసినావు. పడింది నేను."

నేను మూరెడుకు నిచ్చెన పైకొస ఎంత దిగుతుందో చెప్పబోయాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి బయటికి పంపింది.

మరుసటి ఏడు నా మోకాలు కొంత కుదుటపడింది. బావకు సొంతంగా నాలుగు చెట్లున్నాయి, చేను గట్టు మీద. ఆ ఏడు శెనక్కాయ పోయింది. ఆ ఇంటికి ఆ నాలుగు చెట్ల కాపే ఆధారం. ముయ్యి తీర్చడానికి నేను నిచ్చెన, బెల్టు తీసుకుని పోయాను. బావ కర్ర ఊతంతో గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"బెల్టు ఇంటికాడ పెట్టి రాపో."

"అది లేకుండా నేను ఎక్కను బావా."

"అట్లయితే నా చెట్లు ఎక్కొద్దు."

"కాపు పోతాది. పురుగు పడతాది."

"పడనీ." కర్రతో మట్టిపెళ్లను చిదిమాడు. నా వైపు చూడకుండా అన్నాడు: "బెల్టు తప్పు కాదంటే, నా కాలు తప్పయితాది గదప్పా. వాడికి వయసు మీరినాది, దిగడం చేతకాలా అంటారు. నువ్వు దాన్ని కట్టుకోని నా చెట్టే ఎక్కి సుఖంగా దిగితే, ఇంగ ఆ మాట ఊరందరికీ ఖాయమే."

నేను జవాబుగా అల్లుడు చెప్పిన జాగ్రత్తలు, తాడు ఎంత బరువు ఆపుతుందో, కొమ్మ ఎంత మందం ఉండాలో చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. నేను నిచ్చెన భుజాన వేసుకుని వెనక్కి వచ్చాను. ఆ ఏడు నాలుగు చెట్ల పండూ కొమ్మల మీదే నల్లబడి రాలిపోయింది. అక్క రాలినదాన్ని ఏరి, మన్ను కడిగి, ఇంట్లోకి వాడుకుంది. ఆ తర్వాతి ఏడూ అంతే. ఎక్కడానికి వేరేవాళ్లను పిలవొచ్చు. కానీ నేను ముయ్యి బాకీ ఉండగా వేరేవాణ్ణి పిలవడం బావకు తలవంపు. బెల్టు లేకుండా ఎక్కడం నాకు చేతకాదు. బావ వేలాడిన ఆ ఒక్క చుట్టు నేను కింద నుంచి చూశాను. ఆ తాడు లేకపోతే ఏమయ్యేదో లెక్క వేయకుండా ఉండగలిగిన బుర్ర నాకు లేదు.

ఈ ఏడు శివరాత్రి పోయిన వారానికి అక్క మా ఇంటికి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"రెండేండ్ల కాపు రాలిపోయినాది. ఇద్దరు మగోళ్లూ మొండిగా కూకున్న్యారు. ఆయనకు నువ్వు ఏం చెప్పినావో సరిగ్గా చెప్పు."

చెప్పాను. మూరెడు గీతలు, తాడు బలం, అన్నీ.

"ఇవన్నీ ఆయనకెందుకురా? 'నీ కాలు జారలేదు బావా' అనే మాట చెప్పినావా?"

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పట్ట జారిందని చెప్పాను. బెల్టు మంచిదని చెప్పాను. ఈ రెండింటి మధ్యలో ఉన్న మాట, అందులోనే ఉందనుకున్న మాట, విడిగా చెప్పలేదు.

"ఏడో తరగతి మేధావీ" అంది అక్క. "నిచ్చెన తీస్కోని రా, పట్ట కూడా."

వాళ్ల పెరట్లో గోడ పక్కన పాత పట్ట పరిచి, గుప్పెడు చింతకాయ పెంకులు చల్లి, నిచ్చెన ఆనించాం. ఆరో మెట్టుకు ఇసుక మూటలు రెండు కట్టాం. మనిషి బరువుకు సరిపడా నేనే తూచాను. బావ మంచం మీద కూర్చుని అటు చూడనట్టు చూస్తున్నాడు. నేను అడుగు మెట్టు తొక్కి నిలబడ్డాను. అక్క మూటలకు తాడు కట్టి, దడదడా దిగే మనిషి ఊపులాగా ఇటూ అటూ గుంజింది. నాలుగో గుంజుడికి నిచ్చెన కాళ్లు జారాయి. నేను వెల్లకిలా పడ్డాను, మూటలు నా పక్కన దభీమన్నాయి.

"ఈ మూటకు వయసు మీరినాది పాపం" అంది అక్క.

బావ నవ్వలేదు. కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. పట్ట మీద కొత్త గీతలను కాలి వేళ్లతో తడిమాడు. పాత గీతల్లాగే ఉన్నాయి. నేను దుమ్ము దులుపుకుంటూ లేచి, రెండేళ్ల కింద చెప్పాల్సింది చెప్పాను.

"నీ కాలు జారలేదు బావా. కాలు మెట్టు మీదే ఉన్నింది, నేను సూసినాను. నిచ్చెనే నీ కింద నుంచి పోయినాది. నా కింద నుంచి కూడా."

"కొక్కెం?"

"నడుముకే ఉన్నింది."

ఆయన వంగి పట్ట అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మన నాయనల కాలంలో గోనె పట్టలు పరిచేవాళ్లు" అన్నాడు. "గోనె జారదు. ఈ ప్లాస్టిక్కు వచ్చినంక మనం ఆలోచన చేయలా." తర్వాత నా వైపు తిరిగాడు. "రెండేండ్లు ఈ ఒక్క మాట చెప్పకుండా లెక్కలు చెప్పినావు గదప్పా."

నేను పడిన నిచ్చెనను లేపి గోడకు ఆనించాను.

మర్నాడు అక్క మంచి పట్టను మధ్యలో కత్తెరతో కోసింది. నిచ్చెన కాళ్లు దిగేంత కంత, దాని అంచులు దబ్బనంతో మడిచి కుట్టింది. కింద నేలలో జానెడు లోతు గుంతలు రెండు తవ్వి నిచ్చెన కాళ్లు అందులో దించాం. పైకొసను పంగకు మోకుతో కట్టాం. నిచ్చెన వాలు సరిపోయిందో లేదో చూడడానికి ఒక ఉపాయం అల్లుడు ఫోన్లో చెప్పాడు: కాలి వేళ్లు నిచ్చెన కాళ్లకు ఆనించి నిటారుగా నిలబడి, చేతులు ముందుకు చాపితే అరచేతులు మెట్టు మీద పడాలి. పడ్డాయి. బావ కుంటుకుంటూ వచ్చి, నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. అది కదలలేదు.

"ఇట్ల గుంతలో పెట్టింటే..." అని ఆగాడు.

ఆయన మడమ ఆనించలేడు కాబట్టి తొక్కి నిలబడలేదు. అడుగు మెట్టు మీద కూర్చున్నాడు, వీపు నిచ్చెనకు ఆనించి. నేను బెల్టు కట్టుకుని ఎక్కాను. మూడో కొమ్మ దగ్గర కింద నుంచి ఆయన గొంతు వినబడింది: "ఆడ వద్దు, దాని పక్కది తొక్కు. అది గట్టిది." ఆ చెట్ల ప్రతి కొమ్మా ఆయనకు తెలుసు. ఆయన చెప్పినచోట కాలు పెట్టాను, చెప్పని చోట పెట్టలేదు. ఎండ నెత్తికి వచ్చేసరికి సగం, పొద్దు వాలేసరికి మొత్తం దులిపాను. దిగాక ఆయన ఒక ముక్క పండు నోట్లో వేసుకుని, గింజ ఉమ్మి, "పులుపు బాగుండాది" అన్నాడు. అంతే.

రెండో చెట్టు నాలుగు రోజుల తర్వాత. ఆ చెట్టు దిగేటప్పుడు నా మోకాలు మళ్లీ పట్టేసింది. నిచ్చెన మీద మెట్టు మెట్టుకూ ఆగి, ఏడుపు మొహంతో దిగాను. మిగిలిన రెండు చెట్లూ ఈ ఏడు కాదన్నాడు బావ. వేరే మనిషిని పిలుద్దామంటే ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: బెల్టు కట్టుకునేవాడైతేనే. అట్లాంటివాడు మా చుట్టుపక్కల ఇంకా దొరకలేదు. ఆ రెండు చెట్ల పండు ఇప్పుడు రాలుతూ ఉంది. నాకు యాభైమూడేళ్లు. మోకాలు ఎన్నాళ్లు పని చేస్తుందో ఏ లెక్కా చెప్పదు. బావ ఆరోగ్యంగా చెట్టు మీద ఉన్న కాలంలో, ఆయన మడమ గట్టిగా ఉన్న కాలంలో ఒక కత్తెర కోతకు, జానెడు లోతు గుంతలు రెంటికి పట్టే సమయం ఎంతని?

మొన్న సాయంత్రం అరుగు మీద ముయ్యి సంగతి వచ్చింది. మాఫీ చేయమని నేను అడగలేదు, చేస్తానని ఆయనా అనలేదు. మాఫీ చేస్తే ఇద్దరి మధ్య పని తీరిపోయినట్టే. కానీ లెక్క దగ్గర ఇద్దరికీ పడలేదు. నా బదులు ఆయన ఎక్కినవి తొమ్మిది, నేను తీర్చినవి రెండు.

"ఆ తొమ్మిదోది సగమే గదప్పా దులిపింది" అన్నాడు ఆయన. "తూర్పు పక్క ముట్టుకోలేదు. ఎనిమిదిన్నర ఏసుకో. ఆరున్నర నిలువ."

"లేదు బావా. దానికి సగం ఏసేది లేదు."

"ఏందిరా, బాకీ నాకు రావాల్సింది. తగ్గిస్తానంటే నువ్వు పెంచుతాండావు!"

"దిగినాకే చెట్టు పూర్తయినట్టు. నువ్వు నేల మీదికి వచ్చినావు."

అక్క లోపలి నుంచి, ఇద్దరికీ పనీపాటా లేదంది. బావ ఆరున్నర దగ్గరే ఉన్నాడు. నా లెక్కలో ఇవాళ్టికి ఏడు చెట్లు.